శవం లేచి నవ్వాలి

కాళ్ల బొటనవేళ్లు రెండూ కలిపి తెల్లగుడ్డ పేలికతో కట్టేశారు. దవడ జారకుండా గడ్డం కింది నుంచి నడినెత్తికి ఇంకో పేలిక బిగించారు. ముక్కుల్లో దూది, నుదుటి మీద అంటించిన రూపాయి బిళ్ల, మెడలో బంతిపూల దండ. ఇక భూపతిరావు చేయవలసిందల్లా ఊపిరి ఆడుతున్న సంగతి కెమెరాకు తెలియనివ్వకుండా పడుకోవడమే. శవాలు వేయడం ఆయనకు కొత్తేమీ కాదు. ఈ మధ్య వస్తున్నవన్నీ శవాలే. పోయినేడు ఒక సీరియల్లో మంచం మీద పోయాడు. అంతకు ముందు ఒక బీమా ప్రకటనలో దండ వేసిన ఫోటోగా గోడ మీద పోయాడు, దానికి మేకప్ కూడా అక్కర్లేదన్నారు. ఒకప్పుడు కొరడా పట్టుకుని నిలబడితే హాల్లో పిల్లలు తల్లి కొంగులో ముఖం దాచుకునేవాళ్లు. ఇప్పుడు చొక్కా విప్పించి వాకిట్లో బండ మీద పడుకోబెట్టారు. నున్నగా కోసిన తాండూరు బండ. దాని చలి వీపులోంచి ఎముకలోకి ఎక్కుతోంది. ఆ చలిని ఆయన ఎక్కడైనా గుర్తుపడతాడు, ఎందుకంటే మొట్టమొదట చచ్చింది అలాంటి బండల మీదే, తాండూరు మార్కెట్ యార్డులో, గనుల వాళ్లు పంపిన బండలు పేర్చి కట్టిన స్టేజీ మీద, కంది బస్తాల దుమ్ము ముక్కుల్లో పోతుండగా, యుద్ధంలో ఓడిన రాజుగా.

ఇల్లు అనంతగిరి కిందిది, వికారాబాద్ నుంచి గుట్ట ఎక్కే దారి పక్కన. ఎవరో పాత దొరది, అద్దెకు తీసుకున్నారు. పొద్దు గుట్ట వెనక్కి పోవడానికి ఇంకో గంట ఉందని కెమెరామన్ అంటున్నాడు. ఆ గంటలోనే ఏడుపులు తీయాలి, ఆ తర్వాత నవ్వు తీయాలి. నవ్వు సంగతి అసిస్టెంట్ డైరెక్టర్ మనీషాకు పొద్దున చెప్పాడు, భోజనాలప్పుడు చెప్పాడు, దవడకు గుడ్డ కట్టే ముందు మళ్లీ చెప్పాడు. శవం వేసిన మనిషిని అలాగే వదిలేయకూడదు. మీద పడి ఏడ్చిన మనిషే చేయి అందించి లేపాలి. లేచినవాడు కెమెరాలోకి చూసి పళ్లు కనబడేట్టు నవ్వాలి. ఆ నవ్వును తీయాలి, సినిమాలో పెట్టకపోయినా తీయాలి, అప్పుడే చావు ఆ ఒంటిని వదిలి పోతుంది. ఒక హాస్యనటుడు ఉండేవాడు. ఇవన్నీ ముసలమ్మల మాటలని చెప్పి నవ్వకుండా కారెక్కి వెళ్లిపోయాడు. ఆ సినిమా విడుదల కాకముందే అతని ఫోటోకు నిజం దండ పడింది. భూపతిరావు గుండెలో ఇప్పుడు రెండు స్టెంట్లున్నాయి. మెట్లెక్కొద్దని, కోపం తెచ్చుకోవద్దని డాక్టరు చెప్పాడు. నవ్వొద్దని మాత్రం చెప్పలేదు. "తప్పకుండా తీద్దాం సార్, మీ నవ్వంటే మా డాడీకి పిచ్చి, పెళ్లిళ్లలో మిమిక్రీ చేస్తారు," అంది మనీషా. ఎవరి డాడీ అయినా చేస్తాడు. ఆ నవ్వు మీదే కదా ఆయన ఇన్నేళ్లు బతికింది. కడుపులో మొదలై, గొంతు దగ్గర ఆగి, మూడో విడతకు పగిలిపోయే నవ్వు. అది ఎక్కడ నేర్చుకున్నారని పేపర్ల వాళ్లు అడిగితే గురువుగారి దయ అనేవాడు. గురువూ లేడు, దయా లేదు. నవాబుపేట బీళ్లల్లో గొర్రెల మందను మళ్లించడానికి తండ్రి వేసే కేక అది. ఆ కేకకు పళ్లు తగిలించి నవ్వు చేసుకున్నాడు. తండ్రి పోయినప్పుడు షూటింగ్‌లో ఉన్నాడు, వెళ్లలేదు.

అంతా సవ్యంగానే ఉండేది, తాండూరు నుంచి ఏడ్చే ఆడవాళ్ల వ్యాను రాకపోతే. ఈ సినిమా డైరెక్టరుకు గ్లిజరిన్ ఏడుపు వద్దట. చావు ఇళ్లల్లో రాగం తీసి ఏడ్చేవాళ్లు కావాలన్నాడట. ఎవరో ఏజెంటు ఊళ్లన్నీ తిరిగి పట్టుకొచ్చాడు. వ్యానులోంచి ఒక్కొక్కరే దిగుతుంటే భూపతిరావు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. చివర దిగిన మనిషి ఎముకల గూడులా ఉంది. తలంతా తెలుపు, ముక్కుకు రాయి ఊడిన ముక్కుపుడక. దిగి, నడుము మీద చేయి పెట్టుకుని, గుట్ట వైపు చూసి, ఆ తర్వాత ఆయన వైపు చూసింది. మెడ తిప్పే తీరు మారలేదు. రాణి మెడ. ఈశ్వరమ్మ. తాండూరు నాటక కంపెనీలో ఆయన రాజైతే ఆమె రాణి. జిల్లాలో ఏ జాతరకు వెళ్లినా ముందు ఆమె పేరే అడిగేవాళ్లు, ఆయన పేరు ఆ తర్వాత.

"బాగున్నవా రావుసాబ్," అంది దగ్గరికొచ్చి. "అవు గని, గొర్లు గాసే బిచ్చయ్యవు, రావు ఎప్పుడైనవ్?"

"మీకు సార్ తెలుసా అమ్మా?" అని మనీషా సంబరపడింది.

"తెల్వకేంది బిడ్డా. గీయన సచ్చినప్పుడల్లా ఏడ్సింది నేనే."

యూనిట్ అంతా నవ్వింది, ఆయన కూడా నవ్వాడు. అప్పటి నుంచి అదే ఆలోచన. ఎందుకొచ్చిందో, ఏం తెలుసో, ఎంత తెలుసో. తెలిసి ఉండదు, తెలిస్తే ఇన్నేళ్లు ఊరుకునేదా, ఎవరు చెబుతారు, తమ్ముడు పరమేశ్‌కు అంత ధైర్యం లేదు, రంగులు పూసే ముర్తుజా పోయి ఎన్నేళ్లో అయింది. ఇంతలో మేకప్ అతను వచ్చి దవడకు గుడ్డ బిగించాడు, ఇక అడగడానికి కూడా నోరు లేదు. భార్య వేషం నిర్మాత బంధువు ఎవరో వేయాల్సింది, ఆమె రాగం తీయలేకపోయింది. డైరెక్టరు నలుగురి చేత ఏడిపించి చూసి ఈశ్వరమ్మనే ముందుకు రమ్మన్నాడు. "మాటలు పడవమ్మా, పైన పాట వేసేస్తాం. మీ ఇష్టమొచ్చింది అనుకుంటూ ఏడ్వండి, నాకు మొహంలో బాధ కావాలి, అంతే." ఏమన్నా అనొచ్చా సార్ అని ఆమె ఇంకోసారి అడిగింది. తిట్టినా ఫర్వాలేదన్నాడు డైరెక్టరు.

కళ్లు మూసుకున్నాక లోకం చెవుల్లోకి వచ్చి పడింది. జనరేటర్ మోత, గుట్ట మీద కోతులు, ఎవరో చెప్పు ఈడ్చుకుంటూ నడవడం. బంతిపూలలోంచి చీమ ఒకటి బయల్దేరి మెడ మీదికి ఎక్కింది. దాన్ని ఏమీ అనకూడదు. చీమలకు కదలకుండా ఉండడం రంగస్థలం మీదే అలవాటైంది. చచ్చిన రాజు గోక్కుంటే టికెట్టు డబ్బులు వాపసు ఇమ్మంటారని ముర్తుజా అనేవాడు. ముర్తుజాకు తాండూరు స్టేషను దగ్గర చిన్న ఫోటో స్టూడియో, రాత్రిళ్లు కంపెనీలో రంగులు పూసేవాడు, తెరలు కట్టేవాడు. ముఖానికి అర్దళం పూసేటప్పుడు గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, మనిషిని కాక గోడను చూస్తున్నట్టు చూసేవాడు. ఆ రంగు ఒకసారి పట్టిందంటే నూనె లేనిదే పోదు. ముర్తుజాకు కొన్ని నియమాలుండేవి. రంగు మీద ఉన్న మనిషి అద్దంలో చూసుకుని ఈల వేయకూడదు. రంగు మీద ఉన్న మనిషికి చావు కబురు చెప్పకూడదు, తల్లి పోయినా తండ్రి పోయినా రంగు కడిగేదాకా ఆగాల్సిందే, లేకపోతే ఆ వేషం ఒంటికి అంటుకుపోతుంది. చచ్చిన వేషం వేసినవాడు తెర పడగానే, ఏడ్చిన మనిషి చేయి పట్టుకుని లేచి నవ్వాలి. ఆ నవ్వు నియమం సినిమాలకు ఎవరు తీసుకుపోయారో గాని ముందు తనకు చెప్పింది ముర్తుజానే.

యాక్షన్ అన్న మాట వినబడింది. ఒక్కసారిగా ఆడవాళ్ల రాగం లేచింది. పాదాల దగ్గర ఒకరు, తల దగ్గర ఇద్దరు. ఆ తర్వాత రొమ్ము మీద ఒక చేయి పడింది. తేలికైన చేయి, ఎండిన చేయి, వక్కాకు వాసన. ఎక్కడ వేయాలో ఆ చేతికి తెలుసు, ఎడమ రొమ్ముకు కొంచెం కింద, ఎన్ని జాతరలు, ఎన్ని యార్డులు, ఎన్ని సార్లు ఆ చేయి అక్కడే పడింది. కాకపోతే అప్పుడు గాజులుండేవి.

"ఓ రాజా, ఏడికి బోయినవ్ రాజా... అద్దాల కిరీటం ఏడ బెడితివి రాజా... నా బిడ్డ నెత్తి మీద బెడితివి గద రాజా... పెట్టుకొని మురిసె గద నా నవనీత..."

చీమ చెవి దగ్గరికి వచ్చింది. నవనీత పేరు చెప్పింది. కావాలని చెప్పింది. నవనీత తెర వెనక పరుపు మీద పడుకునేది, తల్లి స్టేజీ మీద ఉన్నంతసేపూ, ఆరేళ్లుంటాయేమో, అంతకన్నా తక్కువేనేమో, ఒక పక్క జడ ఎప్పుడూ ఊడిపోయి ఉండేది. దాని తండ్రి బొంబాయి పోయి తిరిగి రాలేదు. భూపతిరావును రాజా అని పిలిచేది, రాజా అన్నం తిన్నవా, రాజా బీడీ తాగద్దు. ఒకనాడు కిరీటం దాని నెత్తిన పెడితే కళ్ల మీదికి జారిపోయింది. ఏం కనపడుతలేదు రాజా, చీకటైంది అంది. తను నవ్వాడు, ఆ నవ్వే, తన తండ్రి కేక. పిల్ల భయపడలేదు, మళ్లీ నవ్వమంది. ఆ పిల్ల ఒక్కతే ఆ నవ్వుకు భయపడనిది. ఆ సంగతి ఏ పేపర్లోనూ చెప్పలేదు.

"పరమేశ్ ఉరికొచ్చె గద రాజా... సైకిలేసుకొని దవాఖాన నుంచి ఉరికొచ్చె... జరం తలకెక్కింది, అక్కను జల్ది తోలుండ్రి అనె గద రాజా... రంగు మీద చెప్పొద్దంటివి రాజా... రంగు మీద చెప్పొద్దంటివి..."

తెలుసు. ఆమెకు అంతా తెలుసు. పాదాల దగ్గరి ఆడవాళ్లు ఆ ముక్కే అందుకుని, అర్థం తెలియకుండానే, రంగు మీద చెప్పొద్దంటివి అని వంత పాడుతున్నారు. డైరెక్టరు ఎక్కడో ఆహా అంటున్నాడు. గుండె ఎగిరి ఎగిరి పడుతోంది, దండ కదులుతుందేమో, టేక్ పోతుందేమో. పోతే మంచిదే, లేపుతారు. పోకూడదు, పొద్దు పోతుంది, నవ్వు మిగిలిపోతుంది. ఊపిరిని పొట్ట అడుగుకు తోసి అక్కడ పట్టుకున్నాడు, అది ఆయనకు బాగా వచ్చిన విద్య. ఊపిరి బిగబట్టిన చోటే ఆ రాత్రి ఉంది. గుమ్మడికాయంత బల్బులు, ముందు వరసలో హైదరాబాదు నుంచి వచ్చిన సినిమా మనిషి, తెల్ల బూట్లు, కాలు మీద కాలు, ఎవరో పక్కన నిలబడి విసురుతున్నారు. ఒకే ఒక్క వేషానికి మనిషిని వెతుకుతున్నాడట, ఆడో మగో ఇంకా తేలలేదట, మొత్తం చూసి చెబుతానన్నాడు. స్టేజీ మీద ఈశ్వరమ్మ ఒక్కతే, గుడి ముందు రాణి, యుద్ధానికి పోవద్దని మొగుడిని ఆపలేక దేవుడితో పోట్లాడే ఘట్టం. తను పక్క తెర చాటున కత్తి పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడొచ్చాడు పరమేశ్, ఆమె తమ్ముడు, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని. ఫిట్స్ వస్తున్నయట, అమ్మ అమ్మ అంటున్నదట. అక్కను పంపమన్నాడు.

ముర్తుజా అక్కడే ఉన్నాడు, తెర తాడు పట్టుకుని. తను అతని నియమమే అతనికి అప్పజెప్పాడు. రంగు మీద ఉన్న మనిషికి ఎట్ల చెప్పాలె ముర్తుజా. ముర్తుజా తాడు ముడి మీద చేయి వేశాడు. "అరే బిచ్చన్నా, అది చావు కబుర్‌కు భాయ్. గిది చావు కబుర్ కాదు. పిల్ల బతికున్నది. చెప్పు, జల్ది చెప్పు, తెర నేను దించుత." తెర దించితే తెల్లబూట్లు లేచి వెళ్లిపోతాయి. రాజు ఇంకా చావలేదు, నవ్వు ఇంకా రాలేదు, తన ఘట్టాలన్నీ చివరే. "ఒక్క సీనే ముర్తుజా. ఒక్క సీన్ ఐపోనీ." పరమేశ్‌ను రెక్క పట్టి వెనక్కి తోశాడు. ఒక్క సీన్ కాదు. అది అయ్యాక యుద్ధం, యుద్ధం అయ్యాక చావు. తను ఇలాగే బండ మీద పడుకున్నాడు, ఇదే చలి, ఆమె ఇలాగే మీద పడి ఏడ్చింది. ఆ రాత్రి తెలిసినవాడు తను, తెలియనిది ఆమె. చెవి ఆమె నోటి పక్కనే ఉంది. పెదవి కదిపితే చాలు, పో, నీ బిడ్డ దగ్గరికి పో. కదపలేదు. ఏడుపు బాగా వస్తోంది ఈమెకు ఈరోజు అనుకున్నాడు. మరీ బాగా వస్తోందే అనుకున్నాడు. తెల్లబూట్లు నేల మీదికి దిగాయి, మనిషి ముందుకు వంగి చూస్తున్నాడు, ఆమెనా, నన్నా, ఆమెనా.

"కట్. సూపర్."

కళ్లు తెరవలేదు. తెరిస్తే ఎవరో ఒకరు నీళ్లు కావాలా సార్ అంటారు. ఆమె లేచిన చప్పుడు, మోకాళ్లు పటపటమన్నాయి. "సరిపాయెనా సార్, ఇంకింత ఏడ్వన్నా?" అని అడుగుతోంది. అద్భుతం అంటున్నాడు డైరెక్టరు, ఒరిజినల్ అంటున్నాడు, ఆ పాట పల్లవికి కూడా అదే వాడేద్దామా అంటున్నాడు. ఆడవాళ్లలో ఎవరో, "నీ మొగడు పోయిన్నాడు గూడ గింత ఏడ్వకపోతివి వదినా," అంటే ఈశ్వరమ్మ, "వాడు పోయిండని నాకెవ్వలు చెప్పిండ్రు, చెప్తే ఏడుస్తుంటి," అంది. వాళ్లంతా కిలకిలా నవ్వారు. గ్లాసులో టీ జుర్రుకోవడం వినబడింది. అంత మామూలుగా టీ తాగుతోంది. భూపతిరావుకు ఒక్కసారి ఆశ పుట్టింది. అన్నదేదో అనేసింది, బరువు దిగిపోయి ఉంటుంది, ముసలిది, ఇక చేయి అందిస్తుంది, నవ్వుతాడు, అయిపోతుంది. అసలు తప్పంతా తనదేనా. ఆ రాత్రి ఆమె మాత్రం చూడలేదా. పద్యం మధ్యలో పక్క తెర వైపు చూసింది, తనకు బాగా గుర్తు. గొంతు ఒక్క క్షణం వణికింది, మళ్లీ సర్దుకుంది. రొప్పుతూ నిలబడ్డ తమ్ముణ్ని చూసే ఉంటుంది. చూసి కూడా పాడింది. తెల్లబూట్లు ఆమెకూ కనబడుతూనే ఉన్నాయి కదా. ఈ ఆలోచన వెచ్చగా ఉంది, బండ చలి కొంచెం తగ్గినట్టనిపించింది. అడగాలి, నోరు విప్పగానే మొదట అదే అడగాలి.

ఈసారి కెమెరా దగ్గరికి తెచ్చారు. మొహం మీద మొహం పెట్టమన్నాడు డైరెక్టరు, పెద్దగా ఏడ్వొద్దు, ఏడ్చి ఏడ్చి గొంతు పోయినట్టు గుసగుసలాడమన్నాడు. వక్కాకు వాసన చెంప మీదికి వచ్చింది, వెంట్రుకలు కనురెప్పలకు తగిలాయి. యాక్షన్. రాగం లేదు ఇప్పుడు. పక్కన కూర్చుని కూరలు కోస్తూ చెప్పినట్టు చెప్పింది.

"నేను పొయ్యేసరికి సచ్చిపోయి ఉండె అనుకున్నవ్ గద. అందరు గట్లనే అనుకున్నరు. నేనే గట్ల చెప్పిన. బతికే ఉండె బిచ్చయ్య. కండ్లు దెరిసింది. నన్ను జూసింది. రంగు గడుక్కోలేదు గద నేను, ఉరికిన గద, గింత కాటుక, గింత కుంకుమ, మీద కిరీటం. రాణిని జూసింది. కెవ్వుమన్నది. నేను నీ అమ్మనే బిడ్డా అంటె ఇన్లే. గోడ దిక్కు తిరిగింది. కొంగుతోని రుద్దిన. పోదు గద అర్దళం. నూనె తెమ్మన్న, దవాఖానల నూనె ఏడుంటది. ఉమ్మి పెట్టి రుద్దిన. తోలు లేసిపాయె. గప్పుడు దాని మొకం ఇటు దిప్పిన, సూడు బిడ్డా అమ్మను అని. పాయె."

వేడి చుక్క ఒకటి ఆయన కనుకొలకు మీద పడి చెవిలోకి జారింది. ఆమెదే. ఆయన కంటిలోంచి ఏమీ రాలేదు. గోడ వైపు తిరిగిన పిల్ల వీపు కనబడింది, ఊడిన జడ కనబడింది, అక్కడ దీపం ఎటు నుంచి పడాలో కూడా కనబడింది. ఎంత బాగుంటుంది ఆ షాట్, మొహం చూపించకుండా వీపు మీదే ఉంచాలి అనుకున్నాడు. అనుకున్నాక, ఏం అనుకున్నాడో తెలిసి, ఆ ఆలోచనను తరమబోయాడు. అది పోలేదు. వేషాల కోసం వెతుక్కుంటూ ఎంతమంది బాధ తిన్నాడో, భార్య పద్మమ్మ చివరి రోజుల్లో ఊపిరి కోసం నోరు తెరిచే తీరును మంచం పక్కన కూర్చుని చూసి, మర్నాడు సెట్లో చేసి చూపిస్తే చప్పట్లు కొట్టారు. ఈ ముసలిదాని గుసగుస కూడా ఎక్కడో ఒక చోట పనికొస్తుంది. ఎక్కడ, ఇంకెక్కడ, ఇంకేం వేషాలున్నాయని.

"సప్పుడు జెయ్యకు," అంది చెవిలో. "మంచిగ సావు."

కట్ అన్నారు. చప్పట్లు మోగాయి. మళ్లీ చేయక్కర్లేదన్నారు. వెలుతురు కనురెప్పల మీంచి తీసేసినట్టు పోయింది. కళ్లు తెరిచేసరికి గుట్ట నల్లగా ఉంది, చెట్ల మీంచి పొగలా మంచు దిగుతోంది. కెమెరాను అప్పుడే పెట్టెలో పెడుతున్నారు. ఆయన చేతులు ఊపాడు, గొంతులో మూలిగాడు. మనీషా పరుగెత్తుకొచ్చింది.

"సారీ సార్, లైట్ అయిపోయింది. నవ్వు షాట్ రేపు చేసేద్దాం."

రేపు ఆయనకు పని లేదు, శవం వేషం ఈరోజుతో సరి. అదీ చెప్పడానికి నోరు లేదు. ఈశ్వరమ్మ వచ్చి పక్కన కూర్చుని దవడ గుడ్డ ముడి పళ్లతో విప్పింది.

"రేపు నాకు షూటింగ్ లేదమ్మా," అన్నాడు పెదవులు తడుపుకుని. "ఒక్క నిమిషం పని. ఎట్లైనా చెయ్యి."

"ఎడిటింగ్‌లో మీ పాత సినిమా నవ్వు ఏదైనా తీసి పెట్టేస్తాను సార్, ప్రామిస్," అని చెప్పి ఫోన్ మాట్లాడుకుంటూ వెళ్లిపోయింది.

లైట్లు ఒక్కొక్కటే ఆర్పేస్తున్నారు. ఆడవాళ్లు వ్యాను వైపు నడుస్తున్నారు. ఇద్దరే మిగిలారు బండ దగ్గర. ఆయన దాచుకున్న మాట తీశాడు. ఇన్నేళ్లుగా మాట్లాడని తన ఊరి మాట, దానంతట అదే వచ్చింది.

"నువ్వు గూడ జూసినవ్ గదా ఈశ్వరమ్మ. పరమేశ్‌ను. పద్యం మధ్యల నా దిక్కు జూసినవ్. నీ గొంతు వణికింది. నేను మర్వలే."

"జూసిన," అంది.

ఆయన రొమ్ము మీంచి ఎవరో కాలు తీసినట్టయింది. ఇద్దరమూ అన్నమాట. ఇద్దరమూ.

"వాడు రొప్పుతుండె. ఏమైందని నీ దిక్కు జూసిన. నువ్వు చెయ్యి గిట్లన్నవ్." ఆమె తన ఎండిన అరచేతిని నేల వైపు పెట్టి, నిదానంగా, పసిపిల్లను జోకొట్టినట్టు రెండుసార్లు కిందికి ఆడించింది. "ఏం లేదు, కానియ్ అని. నవ్వు మొకం గూడ బెట్టినవ్. నమ్మిన నేను. తెర పడ్డంక నా చెయ్యి వట్టుకొని లేస్తివి, నీ నవ్వు నువ్వు నవ్వుకుంటివి, గప్పుడు చెప్పినవ్, దవాఖానకు పో అని. నీ సినిమాలు అన్ని జూసిన బిచ్చయ్య, టీవీల. గా చెయ్యి తీరుగ మల్ల ఎన్నడు జెయ్యలే నువ్వు."

ఆయన తన కుడి చేతి వైపు చూశాడు. అది రొమ్ము మీద పసుపు పూసుకుని ఉంది. ఆ చేయి అలా ఆడిందని ఆయనకు గుర్తు లేదు. గుర్తు లేదు అనుకుంటుండగానే గుర్తొచ్చింది. కత్తిని ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు, కుడి చేయి ఖాళీ చేసుకోవడానికి. అంత జాగ్రత్తగా చేశాడు. తెల్లబూట్ల మనిషి ఆ వేషం ఇచ్చింది నవ్వుకు. చేతిని చూసినవాళ్లు ఇద్దరే, ఒకరు ముర్తుజా, ఒకరు ఈమె.

వ్యాను హారన్ కొట్టింది. వస్తున్న, ఉండుండ్రి అని ఆమె అటు అరిచింది. అరిచి, చేయి అందించింది. ఆయన దాన్ని పట్టుకుని లేచి కూర్చున్నాడు. నడుము పట్టేసింది, దండలోంచి పూలు రాలాయి. ఆమె వెళ్లిపోతుందనుకున్నాడు. వెళ్లలేదు. బొడ్లోంచి ఫోన్ తీసింది, గీతలు పడ్డ పెద్ద ఫోన్, మనవడిదో ఎవరిదో.

"నవ్వు. నేను దీస్త," అంది. "ఫోన్ల దీసినా బొమ్మ బొమ్మే గద. గిట్లనే పోతే నీకు మంచిది గాదు."

ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. ఎంత తిట్టినా రంగస్థలం మీద పుట్టిన మనిషి, నియమం తప్పదు. జుట్టు సర్దుకున్నాడు. గడ్డం ఎత్తాడు. ఎటు చూడాలని అడిగాడు. "ఇగో, అద్దం నీ దిక్కే వెట్టిన. నిన్ను నువ్వు జూసుకుంట నవ్వు."

భూపతిరావు ఊపిరి లోపలికి తీసుకున్నాడు. కడుపులో మొదలుపెట్టాడు. మొదటి విడత బయటికి వచ్చింది, గుట్టకు తగిలి తిరిగి వచ్చింది, సామాన్లు సర్దుతున్నవాళ్లు ఆగి ఇటు చూశారు. గొంతు దగ్గర ఆపాడు. ఆ ఆపిన చోట ఫోన్ వైపు కళ్లు నిలిపి చూశాడు. దానిలో వెలుగు లేదు. నల్లటి అద్దం. చుక్కైనా వెలగడం లేదు. ఆమె బొటనవేలు దాని మీద ఊరికే ఆనించి ఉంది, ఏదీ నొక్కడం లేదు. నల్లదానిలో ఒక ముసలి శవం కూర్చుని నోరు తెరిచి ఉంది, ముక్కుల్లో దూదితో, నుదుటి మీద రూపాయి బిళ్లతో. ఆపేయాలనుకున్నాడు. ఆ నవ్వు మధ్యలో ఆగదు. జీవితమంతా అది మూడు విడతల నవ్వే. ఆమె కళ్లు ఫోన్ పైనుంచి ఆయన్నే చూస్తున్నాయి, మెడ నిటారుగా, ముందు వరసలో కూర్చుని చూసినట్టు. మూడో విడత దానంతట అదే పగిలి బయటపడింది.

"ఓకే," అంది ఈశ్వరమ్మ. ఫోన్ బొడ్లో దోపుకుంది. "మంచిగొచ్చింది."

వ్యాను కదిలింది. లోపల ఆడవాళ్లు దేనికో పడీపడీ నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు తాండూరు రోడ్డు మలుపు తిరిగేదాకా వినబడింది. వాకిట్లో దీపాలన్నీ ఆరిపోయాయి. ఎవరో గేటు వేస్తున్నట్టున్నారు. భూపతిరావు లేవబోయి ఆగాడు. కాళ్ల బొటనవేళ్లు ఇంకా కట్టే ఉన్నాయి. విప్పుకుందామని వంగితే చేయి అందలేదు.